గోలీతో వచ్చిన ఓపిక ఎవరిది?

 

ఈ వారం వీడియోలో సుందరకాండలోని ఒక చిన్న ఘట్టం చెప్పుకున్నాం. లంకను కాల్చిన తర్వాత హనుమంతుడు సముద్రంలో తోక చల్లార్చుకుంటాడు. వెనక్కి తిరిగి చూస్తాడు. అప్పుడు గుర్తొస్తుంది, సీతమ్మ కూడా ఆ లంకలోనే ఉందని. అంత గొప్ప కార్యం చేసినవాడు ఆ క్షణంలో వణికిపోతాడు. కోపంలో ఎంత పని చేశానని తనను తానే నిందించుకుంటాడు.

ఆ ఘట్టం గురించి వీడియోలో చెప్పని మాట ఒకటి నా దగ్గర ఉంది. అది నా సొంత ఇంటి మాట. కెమెరా ముందు చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా. కొంచెం ఓపికతో చదవండి. ఈ పోస్టు కూడా ఓపిక గురించే.

మాది సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్. కర్ణాటక సరిహద్దు పక్కనే, మాటలో కన్నడం, మరాఠీ కలిసిపోయే ఊరు. ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. నాయిన ప్రతి శనివారం పొద్దున సుందరకాండ పారాయణ చేస్తాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్క వారం తప్పింది చూడలేదు.

రెండేళ్ల కింద దసరా. సాయంత్రం జమ్మి పెట్టుకునే వేళ. బాబాయి వాళ్లు, చెల్లె అత్తగారి వాళ్లు అందరూ ఇంట్లో ఉన్నారు. నేను మాత్రం ఒక మూలన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా, ఆఫీసులో ఏదో ఆగిపోయిందని ఫోన్ మీద ఫోన్. నాయిన వచ్చి, "లేవురా, జమ్మి పెట్టి పెద్దోళ్ల కాళ్లు మొక్కు" అన్నాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి పళ్లెం పట్టుకునే వచ్చాడు. నాకు ఏమైందో చెప్పలేను. "నీకు ఒక్కసారి చెప్తే అర్థం కాదా? బుద్ధి ఉందా?" అని అరిచి పళ్లేన్ని చేత్తో తోసేశాను. జమ్మి ఆకులు, అక్షింతలు నేల మీద పడ్డాయి.

ఇల్లంతా నిశ్శబ్దం. నాయిన ఒక్క మాట అనలేదు. కింద కూర్చుని ఆకులు ఒక్కొక్కటే ఏరి పళ్లెంలో వేసుకున్నాడు.

తెల్లారి "సారీ నాయినా, ఆఫీసు టెన్షన్" అన్నా. "సరే బిడ్డా" అన్నాడు. ఆ సరేలో ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

అది మొదటిసారి కూడా కాదు. చిన్నప్పటి నుంచి నేను అంతే. కోపం వస్తున్నట్టు తెలిసేలోపే మాట బయటపడుతుంది. పది నిమిషాల తర్వాత నాకే సిగ్గు. జపానికి కూర్చుంటే ఇరవై పూసలకే లెక్క తప్పేది. మధ్యలో ఎక్కడికో పోయి, మళ్లీ మేరు పూస దగ్గర నుంచి మొదలుపెట్టేవాణ్ని. ఒక్కో రోజు మాల మొత్తం ఒక్కసారి కూడా పూర్తయ్యేది కాదు. భక్తి తక్కువ కాబట్టే ఇట్లా అవుతుందని నన్ను నేను తిట్టుకునేవాణ్ని.

ఆ దసరా తర్వాత హైదరాబాద్‌లో ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆమె నాలుగైదు సార్లు పిలిచి మాట్లాడింది. నా స్కూలు రిపోర్టులు తెమ్మంది, అమ్మతో ఫోన్‌లో చిన్నప్పటి సంగతులు అడిగింది. చివరికి చెప్పింది: ఏడీహెచ్‌డీ. అప్పటికి నాకు 27 ఏళ్లు.

ఇది చెడ్డతనమా, జబ్బా?

ఈ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది క్లాసులో కుదురుగా కూర్చోని పిల్లాడు. కానీ అది చిన్నతనంలోనే మొదలై, చాలామందిలో పెద్దయ్యాక కూడా ఉండిపోతుంది. పెద్దవాళ్లలో కాళ్లూ చేతులూ కుదురుగానే కనిపించవచ్చు. లోపల మనసు పరిగెడుతూనే ఉంటుంది.

దీని చరిత్ర చదువుతుంటే ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టర్ కొన్ని ఉపన్యాసాలు ఇచ్చాడు. తెలివికి లోటు లేకపోయినా తమను తాము ఆపుకోలేని, ఊరికే ఆవేశపడే పిల్లల గురించి చెబుతూ, దాన్ని నైతిక నిగ్రహంలో లోపం అన్నాడు. చూడండి, డాక్టర్ నోట కూడా మొదట వచ్చింది నీతి అనే మాటే. జబ్బుకూ గుణానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న గొడవ మా ఇంట్లో మొదలైంది కాదు.

మందు కథ కూడా చిత్రమే. 1937లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టర్, తన ఆస్పత్రిలోని 30 మంది పిల్లలకు బెంజిడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చాడు. ఉత్తేజం ఇచ్చే మందు వేస్తే అల్లరి పెరగాలి కదా. సగం మంది దాకా చదువు మీద మనసు పెట్టారు, చాలామంది నెమ్మదించారు. ఇప్పుడు ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో స్విట్జర్లాండ్‌లో లియాండ్రో పానిజోన్ అనే కెమిస్ట్ తయారు చేశాడు. మెదడులో డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రెండు రసాయనాలు విడుదలైన చోటనే ఇంకాసేపు నిలిచేలా చేయడం దాని పని. మనసుకు పగ్గం వేసే ముందరి మెదడు పనిచేయాలంటే ఈ రెండూ తగుపాళ్లలో ఉండాలి.

ఇక కోపం సంగతి. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పాల్ వెండర్, ఆయనతో పనిచేసినవాళ్లు పెద్దవాళ్లలో ఈ సమస్యను 1970లలోనే గుర్తించారు. 1976లో 15 మంది పెద్దవాళ్ల మీద ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. ఆ తర్వాత వాళ్లు తయారుచేసిన లక్షణాల పట్టికలో గభాలున వచ్చే కోపం, ఊరికే మారిపోయే మూడ్, చిన్న ఒత్తిడికే కూలిపోవడం కూడా ఉన్నాయి. కానీ 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే అధికారిక గ్రంథంలో ఈ భావోద్వేగాల అదుపు అసలు లక్షణాల్లో లేదు, అనుబంధంగా మాత్రమే ఉంది. 2014లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవాళ్లలో 30 నుంచి 70 శాతం మందికి ఈ ఇబ్బంది ఉంటుంది. పట్టికలో లేకపోయినా ఇళ్లలో మాత్రం ఉందన్నమాట.

ఉగాది రోజు నాయిన అడిగింది

ఫిబ్రవరిలో డాక్టర్ నాకు మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టింది, తక్కువ మోతాదుతో. ఈ మందు మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ కిందికి వస్తుంది. డాక్టర్ చీటీ రెండు కాపీలు రాయాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి, మందును తాళం వేసి ఉంచాలి. చెప్పానుగా, ఇది పారాసిటమాల్ లాంటిది కాదు.

కొన్ని వారాలకు ఒక తేడా తెలిసింది. కోపం రావడం ఆగలేదు. మెడ దగ్గర వేడి పుట్టడం అట్లనే ఉంది. కానీ ఆ వేడికీ మాటకూ మధ్య చిన్న జాగా దొరికింది. ఒక ఊపిరి తీసుకునేంత. 28 ఏళ్లు వస్తున్నాయి, అంతకుముందు ఆ జాగా ఉంటుందనే నాకు తెలియదు. ఇంకొకటి, ఒక పొద్దున జపమాల 108 పూసలూ లెక్క తప్పకుండా పూర్తయ్యాయి. మేరు పూస వేలికి తగలగానే కళ్లలో నీళ్లు వచ్చాయి.

ఉగాదికి ఇంటికి పోయాను. నాయిన తన అలవాటు ప్రకారం బండి సర్వీసింగ్ గురించి మూడుసార్లు అడిగాడు. మూడోసారి కూడా "రేపు చేయిస్త నాయినా" అన్నా. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. రాత్రి అన్నాలు తిన్నాక సంతోషం పట్టలేక ఇద్దరికీ మందు సంగతి చెప్పేశాను.

నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "గోలీ ఏసుకుంటే వచ్చే ఓపిక గోలీది గదరా. నీదెట్లయితది?"

నేను తయారుగానే ఉన్నా. "నువ్వు అద్దాలు పెట్టుకుని పారాయణ చేస్తవు కదా. పారాయణ అద్దాలు చేసినయా, నువ్వు చేసినవా?"

నాయిన తక్కువవాడేం కాదు. "అద్దం అక్షరాన్ని చూపిస్తది. చదివే నన్ను మార్చది. నీ గోలీ నిన్నే మారుస్తున్నది. ఇయ్యాల శాంతం గోలీది అంటవు, అప్పటి కోపం రోగానిది అంటవు. ఇంక నడుమ నువ్వెక్కడున్నవ్‌రా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి డాబా మీద పడుకున్నా కానీ నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్న వెటకారంగా అడిగింది కాదు. నలభై ఏళ్లుగా మనసును పట్టుకోవడానికి పారాయణ చేస్తున్న మనిషి, కొడుకు ఒక గోలీతో అదే పని చేశానంటే అడిగిన ప్రశ్న. అది మనందరి ప్రశ్న కూడా. జపం మందుతో కుదిరితే అది జపమేనా?

ముందు పరిశోధన ఏమంటుందో చూద్దాం

నా ఒక్కడి అనుభవం మీద సిద్ధాంతం కట్టడం తప్పు. కాబట్టి మందు నిజంగా ఎంత చేస్తుందో ముందు చదివాను. ఇట్లాంటి పరీక్షల్లో కొందరికి అసలు మందు, కొందరికి చూడ్డానికి అట్లనే ఉండే ఉత్తుత్తి గోలీ ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో ఇటు రోగికీ తెలియదు, అటు డాక్టర్‌కూ తెలియదు. నమ్మకం వల్ల వచ్చిన మార్పునూ మందు వల్ల వచ్చిన మార్పునూ వేరు చేయడానికి ఇదే దారి.

2005లో వెండర్ బృందానికే చెందిన ఫ్రెడ్ రైమర్, ఇతరులు అటోమాక్సెటిన్ అనే ఇంకో మందు పరీక్షలను ఈ కోణంలో చూశారు. పాల్గొన్న పెద్దవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి భావోద్వేగాల ఇబ్బంది ఉంది, మందుతో అది తగ్గింది కూడా. 2010లో జర్మనీలో 24 వారాల పాటు మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చి చేసిన పరీక్షలోనూ అదే కనిపించింది. 2018లో ఇట్లాంటి పరీక్షలన్నీ కలిపి లెక్కగట్టారు. తేలిందేమంటే, కోపతాపాల మీద మందు పనిచేస్తుంది కానీ ఆ పని ఓ మోస్తరుదే. శ్రద్ధ మీద పనిచేసినంతగా ఇక్కడ చేయదు.

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది స్వీడన్‌లో 2012లో వచ్చిన అధ్యయనం. 25,656 మంది ఏడీహెచ్‌డీ రోగుల వివరాలు చూశారు. ఒకే మనిషి మందు వాడిన కాలాన్ని వాడని కాలంతో పోల్చారు. మందు వాడిన రోజుల్లో నేరాలకు పాల్పడడం మగవాళ్లలో 32 శాతం, ఆడవాళ్లలో 41 శాతం తక్కువ. మనిషి అతడే. అతని సంస్కారం అదే, పెంపకం అదే. కానీ చేసే పాపం లెక్క మారింది. ఇదంతా మందు వల్లనే అని ఇట్లాంటి అధ్యయనం పూర్తిగా రుజువు చేయలేదు, నిజమే. అయినా నాయిన ప్రశ్న ఇక్కడ ఇంకా పదునెక్కుతుంది. పాపపుణ్యాలు గోలీతో హెచ్చుతగ్గులైతే, కర్త ఎవరు?

శ్వేతకేతువు పదిహేను రోజుల ఉపవాసం

జవాబు నాకు దొరికింది ఛాందోగ్యోపనిషత్తులో.

శ్వేతకేతువు పన్నెండేళ్లు గురుకులంలో వేదాలు చదివి ఇంటికి వస్తాడు. తండ్రి ఉద్దాలకుడు అతనికి ఎన్నో చెబుతూ, మనస్సు అన్నంతో తయారైనదే అంటాడు. తినే అన్నంలోని సూక్ష్మమైన భాగమే మనసు అవుతుందని. కొడుక్కి అర్థం కాదు. అప్పుడు తండ్రి మాటలు ఆపి ఒక పరీక్ష పెడతాడు. పదిహేను రోజులు అన్నం తినకు, నీళ్లు మాత్రం తాగు అంటాడు. పదిహేను రోజులయ్యాక వచ్చిన కొడుకును వేదం చెప్పమంటాడు. ఋక్కులు, యజుస్సులు, సామాలు ఒక్కటీ గుర్తుకు రావు. అప్పుడు తండ్రి తిట్టడు. వెళ్లి తిను, తర్వాత నీకే తెలుస్తుంది అంటాడు. తిని వస్తాడు. ఏది అడిగితే అది చెప్పగలుగుతాడు.

సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి నాకు ముందు కనిపించింది ఆ పరీక్ష పద్ధతి. ఒకే మనిషి, ఒకసారి అన్నం లేకుండా, ఒకసారి అన్నంతో. స్వీడన్ వాళ్లు చేసింది కూడా దాదాపు అదే. తర్వాత అసలు విషయం కనిపించింది.

శ్వేతకేతువు నోటికి వేదం తిరిగొచ్చింది అన్నం వల్ల. మరి ఆ వేదం అన్నానిదా? అదే అన్నం వేదం చదవనివాడికి పెడితే కడుపు నిండుతుంది, అంతే. ఒక్క ఋక్కు కూడా రాదు. పన్నెండేళ్ల చదువు లోపల ఉంది కాబట్టి అన్నం దాన్ని బయటికి రానిచ్చింది.

మందు కూడా ఇంతే చేస్తుంది. అది నాకు ఓపిక నేర్పలేదు. మాటకు ముందు ఒక ఊపిరంత జాగా ఇచ్చింది. ఆ జాగాలో ఏం రావాలో గోలీలో లేదు. ఆ ఉగాది రోజు ఆ జాగాలో నాకు గుర్తొచ్చింది నేల మీద జమ్మి ఏరుతున్న నాయిన. ఇంకొకరికి అదే జాగాలో ఇంకా గట్టిగా కొట్టే మాట వెతుక్కోవాలనిపించవచ్చు. మందు దానికీ అడ్డం రాదు.

దీనికి ఆధునిక సాక్ష్యం కూడా ఉంది. 2010లో అమెరికాలో, మందు వాడుతున్నా ఇంకా ఇబ్బంది పడుతున్న 86 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆలోచననూ అలవాటునూ మార్చుకునే సాధన నేర్పారు, ఇంకో జట్టుకు విశ్రాంతి పద్ధతులు, సమాచారం ఇచ్చారు. సాధన నేర్చిన జట్టే ఎక్కువ మెరుగైంది. అంటే అన్నం తిన్న తర్వాత కూడా వేదం చదువుకోవాల్సిందే.

గీతలో అర్జునుడు మనసును గాలితో పోల్చి, దీన్ని పట్టలేనని మొరపెట్టుకుంటాడు. కృష్ణుడు కాదనడు, పట్టడం కష్టమేనని ఒప్పుకుని, అభ్యాసం, వైరాగ్యం దారి చూపిస్తాడు. మన చరకుడు కూడా చికిత్స మూడు రకాలన్నాడు. దేవుడి మీద ఆధారపడేది, అంటే మంత్రం, పూజ, ఉపవాసం లాంటివి. యుక్తితో ఇచ్చేది, అంటే మందూ ఆహారమూ. మూడోది మనసును చెడు వైపు పోనీయకుండా నిలపడం. మూడింటినీ పక్కపక్కనే పెట్టాడు. జపం చేసేవాడు మందు వేసుకోకూడదని గీత గీసింది ఆయన కాదు, మనం.

నాయిన అన్నట్టు గోలీ నన్నే మారుస్తోందా అంటే, ఉద్దాలకుడి లెక్కలో మనసు నేను కాదు, అన్నం లాగా నాకు దొరికిన పనిముట్టు. ఇన్నాళ్లూ ఆ పనిముట్టునే నేను అనుకుని తిట్టుకున్నా. నాకైతే ఇక్కడ ఇంకో సంగతి గట్టిగా తాకింది. పదిహేనో రోజు నోరు పెగలని కొడుకును తండ్రి సోమరి అనలేదు, అన్నం పెట్టమన్నాడు. మన ఇళ్లలో ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దవాళ్లు ఆ పదిహేనో రోజులో ఉండి తిట్లు తింటున్నారో ఆలోచించండి.

మరి జమ్మి పళ్లెం సంగతి?

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ నాయిన ప్రశ్నలో రెండో సగం ఉంది. అప్పుడు నాకు ఆ జాగా లేదు. మరి నేనన్న మాటకు బాధ్యత ఎవరిది?

నిజం చెప్తున్నా, రోగం పేరు తెలిసిన రోజు నాకు వచ్చిన మొదటి ఆలోచన: హమ్మయ్య, తప్పు నాది కాదు. ఇన్నేళ్ల సిగ్గు ఒక్కసారిగా దిగిపోయింది. ఆ ఉపశమనం అవసరమే. అది లేకపోతే చికిత్సకు కూడా పోబుద్ధి కాదు. కానీ దాని వెంటే ఇంకో బుద్ధి పుట్టింది. దసరా రోజు గురించి నాయినకు వివరించాలి, డోపమైన్ గురించి చెప్పాలి, ఆయనే అర్థం చేసుకోవాలి అని. అంటే దెబ్బ తిన్న మనిషే నన్ను ఓదార్చాలన్నమాట. "ఆఫీసు టెన్షన్" అన్న చోట "ఏడీహెచ్‌డీ" పెట్టి అదే పాత సారీ మళ్లీ చెప్పబోయాను.

హనుమంతుడు గుర్తొచ్చింది ఇక్కడే. ఆయన దగ్గర ఎంత మంచి సాకు ఉంది చూడండి. తోకకు నిప్పు పెట్టింది ఎవరు? రావణుడి మనుషులు. ఆ నిప్పు ఆయన తెచ్చుకున్నది కాదు. అయినా సముద్రం ఒడ్డున ఆయన ఆ మాట అనలేదు. నిప్పు ఎక్కడి నుంచి వచ్చిందనే లెక్క తీయలేదు, అది ఎవరికి తగిలి ఉంటుందో అని చూశాడు. ప్రాణం తీసుకుందామన్నంత దిగులు పడ్డాడు కానీ ఆ దిగులులోనే కూర్చోలేదు. సీతమ్మ క్షేమమని చారణుల మాటల్లో విన్నా, తన కళ్లతో చూసుకోవడానికి మళ్లీ ఆమె దగ్గరికి పోయాడు. ఆ తర్వాతే సముద్రం దాటాడు.

మా వైపు రైతుల ఇళ్లలో ఒక సంగతి అందరికీ తెలుసు. వాన పడక పంట పోతుంది. తప్పు రైతుది కాదు, ఊరంతా ఒప్పుకుంటుంది. అయినా అప్పు అప్పే. మాఫీ చేయొచ్చు, కానీ చేయాల్సింది ఇచ్చినవాడు. తీసుకున్నవాడు తనంతట తానే వాన పడలేదు కాబట్టి చెల్లు అని రాసుకోలేడు.

నాకు తోచిన జవాబు ఇదే. ఓపికలో వాటాదారులు చాలామంది ఉన్నారు. ఆ మందు కనిపెట్టినవాళ్లు, నాలుగైదు సార్లు ఓపికగా విన్న డాక్టర్, ప్రతి శనివారం పారాయణ వినిపించిన నాయిన, కొంత నేను. అది నాదేనని గర్వపడడానికి లేదు. భక్తి మార్గంలో అది నష్టం కూడా కాదు, ఏ మంచీ పూర్తిగా మనది కాదనే కదా రోజూ దణ్ణం పెట్టేది. కానీ ఆ దసరా రోజు మాట మాత్రం నా పేరు మీద ఉన్న అప్పు. వాన పడలేదని నేను చెప్పుకోవచ్చు, మాఫీ మాత్రం నాయిన చేతిలో ఉంది. గోలీకీ రోగానికీ నడుమ నేనెక్కడున్నానని అడిగాడు కదా, అక్కడున్నా. ఆ అప్పు నాదే అని ఒప్పుకునే చోట.

ఈ ఏడు దసరాకు జమ్మి పెట్టేటప్పుడు ముందు నేనే పోయాను. నాయిన చేతిలో ఆకులు పెట్టి, కాళ్లు మొక్కి, "పోయినసారి నిన్ను అందరి ముందట అవమానించిన. తప్పు నాది" అన్నా. టెన్షన్ అనలేదు, రోగం అనలేదు. ఇంకా ఏమైనా కలుపుదామని నాలుక మీదికి వచ్చింది. ఆపుకున్నా.

నాయిన తల మీద చెయ్యి పెట్టి అక్షింతలు వేశాడు. కాసేపటికి, "ఆ గోలీ ఇంక ఎన్ని దినాలు ఏస్కోవాలెరా?" అని అడిగాడు. డాక్టర్ చెప్పినన్ని దినాలు అన్నా. "దాంతోని ఆకలి సచ్చిపోతున్నదంట గదా, మీ అమ్మ చెప్పింది. తిన్నంక ఏస్కో" అన్నాడు. ఆయనకు గోలీ మీద నమ్మకం కుదిరిందని నేననుకోను. మాఫీ అయిందో లేదో కూడా అడగలేదు. కానీ ఉద్దాలకుడి మాట ఆయన నోటి నుంచే వచ్చింది, ముందు తిను అని.

చివరగా రెండు మాటలు

ఇది చదివి ఎవరూ మందుల షాపుకు పరిగెత్తకండి. ఈ మందులతో ఆకలి, నిద్ర తగ్గవచ్చు, గుండె వేగం, బీపీ పెరగవచ్చు. కొందరికి మందు ప్రభావం దిగిపోయే సాయంత్రం వేళ చిరాకు ఇంకా ఎక్కువవుతుంది. కోపం ఎక్కువున్న వాళ్లందరికీ ఏడీహెచ్‌డీ ఉండదు. బైపోలార్, డిప్రెషన్, థైరాయిడ్, నిద్రలేమి, ఇవన్నీ పైకి ఇట్లనే కనిపించవచ్చు. తేల్చాల్సింది డాక్టర్. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 2022 అక్టోబర్ నుంచి ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్ ఉంది. 14416 నంబర్‌కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు.

జపం మానొద్దు, పారాయణ మానొద్దు. నేనూ మానలేదు. మీ ఇంట్లో ఎవరైనా మాల లెక్క తప్పుతుంటే, మాట జారుతుంటే, వాళ్లకు భక్తి లేదని మాత్రం అనకండి. పదిహేను రోజులుగా అన్నం దొరకలేదేమో, ఒకసారి అడిగి చూడండి. మీకే ఆ కోపం ఉంటే, కారణం దొరికాక కూడా ఎవరికి తగిలిందో వాళ్ల దగ్గరికి ఒకసారి పోయి రండి.

వచ్చే శనివారం సుందరకాండ తరువాయి భాగంతో మళ్లీ కలుద్దాం.

శుభం.